పరదా చాటున తల్లి, కెమెరా ముందు బిడ్డ: రాజా దీన్‌దయాళ్ జీవితగాథ

ప్రోతరాపూర్ (అండమాన్, నికోబార్ దీవులు): అది 1892వ సంవత్సరం. హైదరాబాద్ నగరంలో ఒక కొత్త ఫొటో స్టూడియో వెలిసింది. దాని చుట్టూ ఎత్తైన గోడలు. పురుషులకు ప్రవేశం లేదు. కెమెరా నడిపే ఛాయాగ్రాహకురాలు మొదలుకొని ఆమెకు చేదోడుగా నిలిచే సిబ్బంది వరకు లోపల పనిచేసేవారందరూ స్త్రీలే. చిత్రాలు తీయించుకొనేందుకు వచ్చేవారు ఘోషా పాటించే కుటుంబాల స్త్రీలు. ఆ స్టూడియోను నెలకొల్పిన వ్యక్తి నాటి భారతదేశంలో అత్యంత ప్రసిద్ధుడైన ఛాయాగ్రాహకుడు. అయినా పని జరుగుతున్న వేళ ఆయన కూడా ఆ గోడలు దాటి లోపలికి వెళ్ళేందుకు వీలులేదు. ఆయనే లాలా దీన్‌దయాళ్. తదనంతర కాలంలో నిజాం ప్రభువు ఇచ్చిన బిరుదుతో రాజా దీన్‌దయాళ్‌గా చరిత్రకెక్కారు.

దీన్‌దయాళ్ పేరు చెప్పగానే వేటాడిన పులి పక్కన నిలిచిన వైస్రాయిలు, దర్బారు దుస్తులలో మెరిసే సంస్థానాధీశులు, రాజప్రాసాదాలు, సైనిక కవాతులు గుర్తుకొస్తాయి. ఆయన కీర్తికి కారణం ఆ చిత్రాలే. అయితే స్టూడియో జీవనాధారం వేరు. సికింద్రాబాద్‌లోని ఆయన స్టూడియో మెట్లెక్కిన వారిలో అధికారులు, సైనికులు, వర్తకులు, ఉన్నతోద్యోగులు ఉండేవారు. వారి చేయి పట్టుకొని పిల్లలూ వచ్చేవారు. విక్టోరియా మహారాణి పాలనాకాలంలో ప్రపంచమంతటా ఫొటో స్టూడియోలను పోషించిన కోరికలలో బిడ్డ రూపాన్ని కాగితంపై నిలుపుకోవాలన్న తల్లిదండ్రుల తపన ముఖ్యమైనది. దక్కన్ నేలపై ఆ తపనకు రూపమిచ్చిన కళాకారుని జీవితమిది.

సర్ధానా నుంచి ఇందౌర్ వరకు

దీన్‌దయాళ్ 1844లో మేరఠ్ సమీపంలోని సర్ధానాలో జన్మించారు. వారిది ఆభరణాల వ్యాపారంలో ఉన్న జైన కుటుంబం. రత్నాన్ని చేతిలోకి తీసుకొని వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసి విలువ కట్టే వృత్తి ఇంట్లోనే ఉన్నా, ఆయన దానిని చేపట్టలేదు. రూర్కీలోని థామ్సన్ సివిల్ ఇంజినీరింగ్ కళాశాలలో చదివారు. 1866లో, ఇరవై రెండేళ్ల వయసులో, ఇందౌర్‌లోని ప్రజాపనుల శాఖ కార్యాలయంలో అంచనాలు, నక్షాలు తయారుచేసే ఉద్యోగంలో చేరారు.

గీత తప్పితే గోడ వంకరపోయే వృత్తి అది. కొలతలో ఖచ్చితత్వం, నిర్మాణంలో సమతూకం, వెలుగునీడలు పడే తీరుపై అవగాహన, ఇవన్నీ నక్షాల బల్ల ముందు ఆయనకు అలవడ్డాయి. తరువాతి కాలంలో ఆయన తీసిన భవనాల చిత్రాలలో నిలువు గీతలు ఎక్కడా ఒరగకపోవడానికి, పదుల సంఖ్యలో మనుషులున్న బృందచిత్రంలోనూ ప్రతి ముఖం స్పష్టంగా కనిపించడానికి ఈ తొలి శిక్షణే పునాది వేసింది.

1874లో, ముప్పై ఏళ్ల వయసులో, ఆయన కెమెరా చేతపట్టారు. మొదట అది తీరిక వేళల వ్యాసంగం మాత్రమే. మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ, ఇందౌర్ మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్ ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు భారత పర్యటనకు వచ్చినప్పుడు చిత్రాలు తీసే అవకాశం లభించింది. ఆ తరువాత సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్‌లో పర్యటించి కోటలను, ఆలయాలను చిత్రించారు. ఆ చిత్రాలతో మధ్య భారత కట్టడాలపై ఒక గ్రంథం 1886లో వెలువడింది.

బిడ్డ కదలకుండా ఉండాలి

దీన్‌దయాళ్ కెమెరా పట్టిన నాటికి ఛాయాచిత్రకళ పుట్టి ముప్పై అయిదేళ్లు. ఆ ముప్పై అయిదేళ్లలోనూ ఛాయాగ్రాహకులను అందరికంటే ఎక్కువగా ఇబ్బందిపెట్టినవారు పసిపిల్లలు. తొలినాళ్ల డాగెరోటైప్ పద్ధతిలో వెండి పూత పూసిన రాగి రేకుపై బొమ్మ పడేందుకు సుదీర్ఘ సమయం పట్టేది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతితో ఆ సమయం కొన్ని సెకన్లకు తగ్గింది. పెద్దలకు అది పెద్ద కష్టం కాదు. మెడ వెనుక ఇనుప ఆధారం అమర్చి, తల కదలకుండా నిలబెట్టేవారు. ఏడాది నిండని బిడ్డకు ఆ ఉపాయం పనికిరాదు. బిడ్డ తల తిప్పితే ముఖం స్థానంలో పొగమంచు వంటి మరక మిగిలేది.

దీనికి ఐరోపా, అమెరికా స్టూడియోలు ఒక విచిత్రమైన మార్గం కనిపెట్టాయి. తల్లిని కుర్చీపై కూర్చోబెట్టి, ఆమెపై తివాచీనో తెరనో కప్పి, ఆ కప్పిన వస్త్రంపై బిడ్డను కూర్చోబెట్టేవారు. చూసేవారికి అది మెత్తని ఆసనంలా కనబడాలి. వస్త్రం కింద తల్లి చేతులు బిడ్డ నడుమును గట్టిగా పట్టుకొని ఉంటాయి. చిత్రం పూర్తయ్యాక అట్టచట్రం అంచులతో వీలైనంత వరకు ఆమె ఆకారాన్ని మరుగుపరిచేవారు. అయినా చాలా చిత్రాలలో వస్త్రం కింద భుజాల వంపు, అంచున ఒక చేయి కనిపిస్తూనే ఉంటాయి. బిడ్డ చిత్రం కోసం తల్లి తనను తాను చెరిపివేసుకున్న ఆ చిత్రాలు నేడు మ్యూజియంలలోనూ సేకర్తల వద్దనూ ఒక ప్రత్యేక విభాగంగా ఉన్నాయి.

పిల్లల చిత్రాల పట్ల ఆ కాలానికి ఉన్న ఆరాటం వెనుక ఒక విషాదం కూడా ఉంది. యాంటీబయాటిక్స్ లేని రోజులవి. మశూచి, కలరా, జ్వరాలు సంపన్నుల ఇళ్లను కూడా విడిచిపెట్టలేదు. ఈ ఏడాది ఒళ్లో ఉన్న బిడ్డ వచ్చే ఏడాదికి ఉంటాడన్న భరోసా ఏ తల్లికీ లేదు. చిత్రకారునితో తైలవర్ణ చిత్రం గీయించుకోగల స్తోమత కొందరికే ఉండేది. 1854లో ఫ్రాన్స్‌లో డిస్డేరి పేటెంట్ పొందిన విజిటింగ్ కార్డు పరిమాణపు ఛాయాచిత్రం ఆ అవకాశాన్ని మధ్యతరగతికి అందించింది. 1860లో ఇంగ్లండ్ రాజకుటుంబ చిత్రాలు ఆ చిన్న కార్డులపై అచ్చయి అమ్మకానికి వచ్చిన తరువాత ఇంటింటా ఆల్బమ్ వెలిసింది.

కలకత్తాలో 1815లో జన్మించిన జూలియా మార్గరెట్ కామెరాన్ నలభై ఎనిమిదేళ్ల వయసులో, ఇంగ్లండ్‌లో ఉండగా, కుమార్తె కానుకగా ఇచ్చిన కెమెరాతో పిల్లలను దేవదూతలుగా చిత్రించి ప్రసిద్ధికెక్కారు. ఆమె చిత్రాలలో ముఖాలు కొంత మసకగా ఉంటాయి. ఆ మసకే ఆమె శైలి. దీన్‌దయాళ్ దారి దానికి పూర్తిగా భిన్నం. ఆయన చిత్రాలలో పట్టువస్త్రం అంచు జరీ పోగు సైతం లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా ఉంటుంది.

పిల్లల చిత్రాలకు అసలైన మలుపు పొడి గాజుపలకతో వచ్చింది. 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ అనే ఆంగ్ల వైద్యుడు జెలటిన్ పూత పద్ధతిని ప్రతిపాదించగా, 1880ల నాటికి అటువంటి పలకలు కర్మాగారాల్లో తయారై మార్కెట్లోకి వచ్చాయి. తడి పద్ధతిలో ప్రతి పలకకూ అప్పటికప్పుడు పూత పూసి, అది ఆరేలోగానే చిత్రం తీసి, వెంటనే కడగాలి. మన ఎండలకు ఆ పూత మరింత తొందరగా ఆరిపోయేది. పొడి పలకకు ఆ బాధ లేదు. మంచి వెలుతురులో రెప్పపాటు కాలమే చాలు. దీన్‌దయాళ్ తడి పలకలతో పని మొదలుపెట్టి, పొడి పలకలు వచ్చాక వాటికి మారారు. ఆయన వృత్తి ఉచ్ఛస్థితికి చేరిన కాలం, పసిబిడ్డ తల్లి చేతి పట్టు లేకుండా కెమెరా ముందు కూర్చోగలిగిన కాలం ఒక్కటే.

నిజాం కొలువు

1885 దీన్‌దయాళ్ జీవితంలో నిర్ణాయకమైన సంవత్సరం. నలభై ఒక్క ఏళ్ల వయసులో ఆయన వైస్రాయి ఛాయాగ్రాహకునిగా నియమితులయ్యారు. హైదరాబాద్ ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులోనూ స్థానం దొరికింది. నెలనెలా జీతం, పింఛను గల సర్కారు కొలువును వదులుకోవడం నాటి సమాజంలో సాహసమే. ఇంజినీరింగ్ చదివిన వ్యక్తి బొమ్మలు తీసి బతకడం మరీ సాహసం. ఆయన ఆ నిర్ణయం తీసుకొని కుటుంబంతో దక్కన్‌కు తరలివచ్చారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో ప్రారంభమైంది.

ఆయనను ఆదరించిన నిజాం బాల్యం కూడా సాధారణమైనది కాదు. 1866లో జన్మించిన మహబూబ్ అలీఖాన్ 1869లో, మూడేళ్లయినా నిండకుండానే గద్దెనెక్కారు. మొదటి సాలార్‌జంగ్ తదితరుల సంరక్షణలో పెరిగి, 1884లో పూర్తి అధికారాలు స్వీకరించారు. మరుసటి ఏడాదే దీన్‌దయాళ్‌ను చేరదీశారు. ఇద్దరి మధ్య వయసులో ఇరవై రెండేళ్ల తేడా ఉన్నా పరస్పర గౌరవం చివరివరకూ నిలిచింది. 1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదునిచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. కెమెరాతో పనిచేసేవానిని కేవలం యంత్రం నడిపే మనిషిగా చూసే రోజులలో, దక్కన్ ప్రభువు ఆయనను చిత్రకారుల సరసన నిలిపారు.

సికింద్రాబాద్ స్థానం కూడా ఆయనకు కలిసొచ్చింది. ఒకవైపు బ్రిటిష్ సైనిక స్థావరం, మరోవైపు నిజాం రాజధాని. కంటోన్మెంటులోని ఆంగ్ల కుటుంబాలకు పిల్లల చిత్రాలు అత్యవసరాలు. ఓడ ప్రయాణం వారాల తరబడి సాగే ఆ రోజులలో, ఇంగ్లండ్‌లో ఉన్న అమ్మమ్మ, తాతయ్యలు మనుమడి ముఖం చూసేందుకు ఉన్న ఏకైక మార్గం తపాలాలో వచ్చే ఫొటో. కాస్త వయసు రాగానే ఆ పిల్లలను చదువుల పేరిట స్వదేశానికి పంపేవారు. అప్పుడు ఆ ఎడబాటులో ఇక్కడి తల్లికి మిగిలేది కూడా ఒక ఫొటోయే. నగరంలోని ఉమ్రావుల కుటుంబాలకు అవసరం వేరు. వారసుని హోదా, వంశ గౌరవం చిత్రంలో కనబడాలి. తలపాగా, కలికితురాయి, నడుముకు వేలాడే చిన్న కరవాలంతో నిలిచిన నవాబు బిడ్డలో బాల్యం కంటే వంశమే ముందు కనిపిస్తుంది. అయినా తలపాగా కింద నుంచి చూసే కళ్లలో బెరుకును ఏ ఆభరణమూ దాచలేదు.

స్టూడియోలో ఒక పగలు

ఆనాటి స్టూడియోకు సూర్యుడే దీపం. పైకప్పులో, పక్క గోడలో అమర్చిన గాజు పలకల గుండా వెలుతురు లోపలికి వచ్చేది. ఆ వెలుతురును అవసరం మేరకు తెరలతో తగ్గించేవారు, తెల్లని పలకలతో ముఖంపైకి మళ్లించేవారు. వెనుక రంగులు వేసిన తెరపై తోటలు, స్తంభాలు, మేడలు. ముందు చెక్కిన కుర్చీ, చిన్న బల్ల, పూలకుండీ. పిల్లల కోసం బొమ్మలు. కెమెరా నల్ల గుడ్డ కింద దూరిన ఛాయాగ్రాహకునికి గాజుతెరపై బిడ్డ తలకిందులుగా కనిపిస్తాడు. బొమ్మ కుదిరిన తరువాత పలక చొప్పించి, కటకం మూత తెరిచి మూస్తాడు.

తరువాతి పని చీకటి గదిలో. ఎర్రని మసక వెలుగులో రసాయనాలతో కడిగితే గాజుపై నలుపు తెలుపులు తారుమారైన రూపం తేలుతుంది. గాజుపై కనబడే మచ్చలను సన్నని పెన్సిల్‌తో సరిదిద్దేందుకు ప్రత్యేక నిపుణులుండేవారు. ఆ పైన కోడిగుడ్డు తెల్లసొన, వెండి లవణాలు పూసిన కాగితాన్ని గాజుపలకకు ఆనించి ఎండలో ఉంచేవారు. సూర్యరశ్మి ఆ కాగితంపై మెల్లగా గోధుమవన్నె బొమ్మను తేల్చేది. దానికి బంగారు లవణంతో రంగు పట్టించి, కడిగి, మందపాటి అట్టపై అతికించేవారు. అట్ట అడుగున స్టూడియో పేరు మెరిసేది. ఒక్క పసిబిడ్డ చిత్రం వెనుక ఇంతమంది చేతులు ఉండేవి.

ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందన్న భయం మన ఇళ్లలో చాలాకాలం ఉండేది. పసిబిడ్డకు దిష్టి తగులుతుందన్న బెంగ అంతకంటే ఎక్కువ. బుగ్గన చుక్క పెట్టకుండా బిడ్డను గడప దాటించని తల్లులు, అపరిచితుని పెట్టె ముందు కూర్చోబెట్టడానికి సంశయించడంలో ఆశ్చర్యం లేదు. నిజాం స్వయంగా ఆదరించిన ఛాయాగ్రాహకుడు కావడం దీన్‌దయాళ్‌కు ఈ విషయంలో అండగా నిలిచింది. ప్రభువు ముఖాన్ని చూసిన కెమెరాను ప్రజలు నమ్మారు.

గోడల లోపలి స్టూడియో

ఇంత నమ్మకం కుదిరినా ఒక అడ్డు తొలగలేదు. ఘోషా పాటించే కుటుంబాలలో కొడుకును స్టూడియోకు తండ్రి తీసుకురాగలడు, తల్లి రాలేదు. అందువల్ల కుటుంబ ఆల్బమ్‌లో తండ్రీ బిడ్డలు ఉంటారు, తల్లి ఉండదు. ఐరోపా స్టూడియోలో తల్లి తివాచీ కింద దాగితే, ఇక్కడ తల్లి గోడల వెనుకే ఉండిపోయింది. మొదటిది బిడ్డ కదలకుండా ఉండేందుకు, రెండవది ఆచారాన్ని నిలిపేందుకు. చిత్రంలో మాత్రం ఫలితం ఒక్కటే.

1892లో ఆరంభమైన జనానా స్టూడియో ఈ లోటును తీర్చే ప్రయత్నం. కలకత్తాలో అంతకు కొన్ని దశాబ్దాల ముందే స్త్రీల కోసం స్త్రీలే చిత్రాలు తీసే ఏర్పాట్లు జరిగిన దాఖలాలున్నాయి. హైదరాబాద్‌లో ఆ బాధ్యతను దీన్‌దయాళ్ ఆంగ్ల మహిళ శ్రీమతి కెన్నీ-లెవిక్‌కు అప్పగించారు. ఆమె భర్త పత్రికారంగంలో ఉన్నవారు. ఆమె చేతికింద మహిళా సిబ్బంది పనిచేశారు. మూసిన వాహనంలో ప్రాంగణంలోకి వచ్చిన స్త్రీ, పరాయి పురుషుని కంట పడకుండా, తన ఇష్టం వచ్చిన వస్త్రాలలో చిత్రం తీయించుకొని వెళ్లగలిగేది.

దీనిని విప్లవంగా వర్ణించడం అతిశయోక్తి. ఘోషా ఆచారాన్ని ఈ స్టూడియో ప్రశ్నించలేదు; ఆ ఆచారపు హద్దులలోనే ఒక కిటికీ తెరిచింది. వ్యాపార దృష్టి కూడా అందులో స్పష్టమే. సంపన్న కుటుంబాలలో సగం మంది స్టూడియోకు రాలేని స్థితిలో ఉంటే, స్టూడియోనే వారి నియమాలకు తగ్గట్టు మలచాలన్నది చురుకైన వర్తకుని ఆలోచన. అయినప్పటికీ దాని వల్ల కలిగిన మేలు చిన్నది కాదు. తన రూపం ఎలా ఉండాలో, పక్కన ఎవరుండాలో ఒక స్త్రీ మరొక స్త్రీతో చర్చించి నిర్ణయించుకొనే అవకాశం అక్కడ లభించింది.

ఆ చిత్రాలు స్వభావరీత్యా ఆంతరంగికమైనవి. వైస్రాయి వేట చిత్రాలవలె అమ్మకానికి పెట్టేవి కావు. అందుకే దీన్‌దయాళ్ రాజదర్బారు చిత్రాలు ప్రపంచం నలుమూలలా కనిపిస్తున్నా, జనానా స్టూడియో గురించి చిత్రాలకన్నా కథనాలే ఎక్కువగా మిగిలాయి.

అదే కాలం, మరో తెర

దీన్‌దయాళ్ స్టూడియోలో పిల్లలు రంగుల తెర ముందు నిలుచున్న అవే సంవత్సరాలలో, బంగాళాఖాతంలోని అండమాన్ దీవులలో మరో రకమైన ఛాయాచిత్రణ జరుగుతోంది. నేటి ప్రోతరాపూర్‌కు చేరువనే ఉన్న పోర్ట్‌బ్లెయిర్‌లో, అనగా ఇప్పటి శ్రీవిజయపురంలో, బ్రిటిష్ ప్రభుత్వం 1858లో శిక్షా శిబిరాన్ని నెలకొల్పింది. 1879లో అక్కడికి వచ్చిన మారిస్ విడాల్ పోర్ట్‌మన్ అనే అధికారి దీవుల ఆదివాసుల వ్యవహారాలు చూసేవారు. 1890లలో బ్రిటిష్ మ్యూజియం కోసం ఆయన వారి చిత్రాలు తీశారు. కొన్నింటిలో మనిషి వెనుక ఉన్నది గళ్లు గీసిన పలక. మనిషి ఎత్తు, భుజాల వెడల్పు, కాళ్ల పొడవు ఆ గళ్ల ఆధారంగా కొలిచేవారు.

1880లో ఉత్తర సెంటినెల్ దీవికి వెళ్లిన పోర్ట్‌మన్ బృందం ఒక వృద్ధ దంపతులను, నలుగురు పిల్లలను పట్టి పోర్ట్‌బ్లెయిర్‌కు తీసుకొచ్చింది. అందరూ జబ్బుపడ్డారు. పెద్దలిద్దరూ మరణించారు. పిల్లలను కానుకలిచ్చి తిరిగి దీవిలో వదిలిపెట్టారు. బయటి లోకంతో సెంటినెల్ వాసుల దూరానికి ఆ సంఘటన కూడా ఒక కారణమై ఉంటుందని భావించేవారున్నారు.

ఒకే యుగం, ఒకే రకం గాజుపలక, ఒకే వెండి లవణం. సికింద్రాబాద్‌లో కెమెరా ముందుకు వచ్చిన బిడ్డ వెనుక ఆ చిత్రాన్ని కోరుకున్న తల్లిదండ్రులు ఉన్నారు. ప్రతులు తయారయ్యాక అవి ఆ ఇంటికే చేరాయి. అండమాన్‌లో చిత్రానికి నిలిచిన మనిషి కోరినదేమీ లేదు. ఆ చిత్రం సముద్రాలు దాటి మ్యూజియం అరలోకి చేరింది. దీన్‌దయాళ్ ఈ దీవులలో పనిచేయలేదు. అయినా ఆయన స్టూడియో విలువ ఏమిటో ఈ పోలికలో మరింత స్పష్టమవుతుంది. చిత్రం ఎవరి కోసం తీస్తున్నామన్న ప్రశ్నకు ఆయన వద్ద ఎక్కువసార్లు ఉన్న సమాధానం, ఎదుట కూర్చున్న వారి కోసమేనని.

ఆ సమాధానం అన్నివేళలా ఒకటే కాదు. 1900 ప్రాంతంలో నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్ పరిసరాల్లో కరువు తాండవించినప్పుడు ప్రభుత్వం చేపట్టిన సహాయక చర్యలను దీన్‌దయాళ్ సంస్థ చిత్రించింది. ఆ చిత్రాలు కోరినది ప్రభుత్వం. ఆకలితో బారులు తీరిన వారి చేతికి ఆ ప్రతులు చేరి ఉండవు. ఒకే సంస్థ పేరు కింద, జరీ అంగరఖా తొడిగిన బిడ్డ, కరువు శిబిరపు పేదలు పక్కపక్కన మిగిలారు. నాటి దక్కన్‌ను అర్థం చేసుకోవాలంటే రెండింటినీ కలిపి చూడాలి.

కీర్తి శిఖరం, కుటుంబ విషాదం

1890లు దీన్‌దయాళ్‌కు స్వర్ణయుగం. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు పురస్కారం లభించింది. అదే ఏడాది హైదరాబాద్‌కు వచ్చిన ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ వేట చిత్రాలు తీశారు. 1914లో ఆ యువరాజు హత్యే మొదటి ప్రపంచ యుద్ధానికి నిప్పు రాజేసింది. 1896లో బొంబాయిలో కొత్త స్టూడియో ప్రారంభించారు. 1897లో విక్టోరియా మహారాణి ఛాయాగ్రాహకునిగా రాజముద్రతో కూడిన గుర్తింపు లభించింది. 1902లో వరంగల్ ప్రాంతంలో వేటకు వచ్చిన లార్డ్ కర్జన్ దంపతులు పులి కళేబరం వెనుక నిలిచిన చిత్రం నేటికీ బ్రిటిష్ రాజ్యకాలపు పుస్తకాలలో తరచు కనిపిస్తుంది. 1903 ఢిల్లీ దర్బారును కూడా ఆయన సంస్థ చిత్రించింది.

కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ ఇద్దరూ తండ్రి వృత్తిలోనే స్థిరపడ్డారు. సంస్థ పేరు కూడా తండ్రీ కొడుకుల పేరిటే సాగింది. 1904లో ధరమ్‌చంద్ మరణించారు. ఎందరో తల్లిదండ్రుల కోసం బిడ్డల రూపాలను పదిలపరచిన మనిషికి చివరికి తన బిడ్డ చిత్రమే మిగిలింది. మరుసటి ఏడాది, 1905 జూలై 5న, దీన్‌దయాళ్ కన్నుమూశారు. ఆయనకు అరవై ఏళ్లు దాటాయి.

ఆయనను ఆదరించిన మహబూబ్ అలీఖాన్ 1911లో మరణించారు. అప్పటికే కాలం మారుతోంది. 1888లో అమెరికాలో వచ్చిన కొడాక్ చేతి కెమెరా, 1900లో ఒక్క డాలరుకే అమ్మిన బ్రౌనీ కెమెరా పిల్లల చిత్రాన్ని స్టూడియో నుంచి ఇంటి వరండాలోకి తెచ్చాయి. బిడ్డను ముస్తాబు చేసి, బండి కట్టించుకొని, ఫొటో కోసం ఒక పూట కేటాయించే ఆచారం నెమ్మదిగా సడలింది. పెద్ద స్టూడియోల వెలుగు తగ్గింది.

గాజులో మిగిలిన బాల్యం

దీన్‌దయాళ్ వారసులు గాజుపలకలను దశాబ్దాల పాటు భద్రపరిచారు. గాజుపలక కాగితం వంటిది కాదు. ఒకదానిపై ఒకటి పేర్చితే బరువుకు పగులుతుంది. తేమకు జెలటిన్ పొర లేచిపోతుంది. ఎన్నో ప్రసిద్ధ స్టూడియోల పలకలు పగిలిపోయాయి, లేదా పూత గీకివేసి కిటికీ అద్దాలుగా మారాయి. 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లను సేకరించింది. 2,857 పలకలు గల ఆ సేకరణ ఆయన కృషికి సంబంధించి అతిపెద్దది. హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ఆయన చిత్రాలున్నాయి. 2006లో తపాలా శాఖ ఆయన స్మారకంగా స్టాంపు విడుదల చేసింది.

ఆయన చిత్రాలలోని రాజులకు, వైస్రాయిలకు పేర్లున్నాయి, చరిత్ర పుస్తకాలలో పేజీలున్నాయి. పిల్లలలో చాలామందికి అవి లేవు. ఏ ఇంటి బిడ్డ, పెరిగి పెద్దయ్యాడా, ఆ బొమ్మను చేతిలో పట్టుకొని ఎవరు ఏడ్చారు, ఎవరు నవ్వారు అన్నది గాజుపలక చెప్పదు. పాత ఇళ్లలో, ట్రంకుపెట్టెల అడుగున, అట్టపై అతికించిన గోధుమవన్నె చిత్రాలు ఇప్పటికీ అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. అటువంటి చిత్రం దొరికినప్పుడు వెనుకవైపు తిప్పి చూడటం మంచిది. స్టూడియో పేరు, ఊరు, కొన్నిసార్లు చేతిరాతతో ఒక పేరు అక్కడ ఉంటుంది. లేనిపక్షంలో ఇంట్లోని పెద్దలను అడిగి తెలుసుకొని, మెత్తని పెన్సిల్‌తో అంచున రాసి ఉంచవచ్చు. నూట ముప్పై ఏళ్ల కిందట ఆ బిడ్డను కెమెరా ముందు కూర్చోబెట్టిన తల్లి, చిత్రంలో తాను కనిపించినా కనిపించకపోయినా, కోరుకున్నది ఆ బిడ్డ గుర్తుండిపోవాలనే.